డ్యూక్స్‌ఫర్డ్ హ్యాంగర్లు: విమానాల కంటే ముందు పైకప్పు చూడండి

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్‌కి దక్షిణాన, ఎం11 రహదారి పక్కన డ్యూక్స్‌ఫర్డ్ ఉంది. ఇంపీరియల్ వార్ మ్యూజియం నడిపే విమాన మ్యూజియం ఇది. టికెట్ కొనేవాళ్ళలో చాలామంది స్పిట్‌ఫైర్ కోసం, కాంకార్డ్ కోసం వస్తారు. అవి చూడదగ్గవే. కాని మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917-18లో కట్టిన సైనిక విమానాశ్రయం ఇంత నిండుగా ఒక్కచోట మిగలడం బ్రిటన్‌లోనే అరుదు. ఇక్కడ ముప్ఫైకి పైగా కట్టడాలు వారసత్వ జాబితాలో ఉన్నాయి. వాటిలో మూడు పాత హ్యాంగర్లకి, అంటే విమానాలు నిలిపే షెడ్లకి, మామూలు గ్రేడ్ 2 కంటే పై మెట్టయిన గ్రేడ్ 2 స్టార్ దక్కింది. కట్టడాల మీద ఇష్టం ఉన్నవాళ్ళకి, సివిల్ ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి, చెక్కపని విలువ తెలిసినవాళ్ళకి ఆ మూడు కప్పుల కోసమే టికెట్ డబ్బు గిట్టుతుంది. ఈ సమీక్ష ఆ కప్పులు ఎలా చూడాలో, వాటిలో ఏం చూడాలో చెప్పడానికి.

ముందు ఏది పాతదో ఏది కొత్తదో తేల్చుకోవాలి. ఆవరణ ఒక కొస నుంచి ఇంకో కొసకి దాదాపు మైలు ఉంటుంది. లోపలికి రాగానే ఎదురయ్యే భారీ కట్టడం పేరు ఎయిర్‌స్పేస్. కాంకార్డ్, బాంబర్లయిన లాంకాస్టర్, వల్కన్ దానిలోనే ఉన్నాయి. అది ఈ కాలపు ఉక్కు కట్టడం. దాన్ని దాటి రన్‌వే వెంబడి పడమరకి నడిస్తే 3, 4, 5 నంబర్ల హ్యాంగర్లు వస్తాయి. గుండ్రటి వీపులు రెండేసి పక్కపక్కన పెట్టినట్టు కనిపించే ఆ జంట షెడ్లే అసలు పాతవి. ఇంకా పడమరకి వెళ్తే అమెరికన్ ఎయిర్ మ్యూజియం, చివర భూతల యుద్ధ ప్రదర్శన. సమయం తక్కువుంటే ఎయిర్‌స్పేస్‌ని ఆఖరికి ఉంచుకోండి. దాని విశాలతకి కన్ను అలవాటు పడితే పాత హ్యాంగర్లు చిన్నవిగా అనిపిస్తాయి. వరస తిరగేస్తే పాతవాటి సొగసు దక్కుతుంది.

మొదట 4వ నంబరులోకి వెళ్ళండి. బ్రిటన్ గగనతల రక్షణ కథ చెప్పే ప్రదర్శన అది. 1940 నాటి యుద్ధ విమానాలు ఉంటాయి. లోపల పది అడుగులు వేసి ఆగి, తల పూర్తిగా పైకెత్తండి. పైన కనిపించే చెక్క అల్లికని బెల్ఫాస్ట్ ట్రస్ అంటారు. మన ఊళ్ళలో రైసుమిల్లు షెడ్డుకీ గోదాముకీ వేసే త్రికోణపు ట్రస్ అందరికీ తెలుసు. లావుపాటి దూలాలు నాలుగైదు, మధ్యలో నిట్రాడు లాంటి కొయ్య, అతుకుల దగ్గర ఇనుప పట్టీలు. ఇక్కడ ఆ లావు దూలం ఒక్కటీ కనిపించదు. అంతా సన్నటి చెక్కలే. బుట్ట అల్లినట్టు, కిటికీకి జాలీ వేసినట్టు ఒకదాన్నొకటి దాటుతూ వెళ్తాయి.

దీని ఆకారం అర్థం కావాలంటే విల్లు గుర్తు తెచ్చుకుంటే చాలు. పైన వంగిన చెక్క విల్లు. కింద గోడ నుంచి గోడకి తిన్నగా సాగేది అల్లెతాడు. కప్పు బరువు పడగానే విల్లు రెండు కొసలూ బయటికి జారబోతాయి. అల్లెతాడు వాటిని పట్టి లాగి ఉంచుతుంది. కాబట్టి గోడల మీద పక్కకి తోపు ఉండదు, నిలువు బరువు మాత్రమే పడుతుంది. అందువల్లే గోడలు అంత పల్చటి ఇటుకతో సరిపోయాయి. బయటి వైపు వరసగా కనిపించే ఇటుక దిమ్మెలు ట్రస్‌ల బరువు మోయడానికి, పొడవాటి గోడ గాలికి ఊగకుండా నిలబడడానికి.

విల్లుకీ అల్లెతాడుకీ మధ్య ఉన్న జాలీ పని ఏమిటి? కప్పు మీద బరువు సమానంగా పరుచుకుని ఉన్నంతసేపు జాలీకి పెద్ద పని లేదు. విల్లు వంపు ఆ బరువుకి సరిపోయేలా ఉంటుంది కనక భారమంతా విల్లు నొక్కుడుగా, అల్లెతాడు లాగుడుగా పోతుంది. గాలి ఒక పక్క నుంచి కొట్టినప్పుడు, మంచు ఒక వైపే పేరుకున్నప్పుడు విల్లు వంపు మారబోతుంది. అప్పుడు జాలీ దాన్ని పట్టుకుంటుంది. ఆ పనిలో పడే బలం కొద్దిదే కాబట్టి సన్నటి చెక్క చాలు. ఈ పొదుపే బెల్ఫాస్ట్ ట్రస్ ప్రాణం.

లెక్క తెలిసినవాళ్ళకి ఒక మాట. ఈ ట్రస్‌లకి మధ్య ఎత్తు స్పాన్‌లో, అంటే గోడకీ గోడకీ మధ్య దూరంలో, ఎనిమిదో వంతు ఉంచడం వాడుక. కింది కొయ్యలో, అంటే అల్లెతాడులో, పడే లాగుడు బలం కనుక్కోవడానికి మీటరు బరువుని స్పాన్ వర్గంతో గుణించి, ఎనిమిది రెట్ల ఎత్తుతో భాగించాలి. ఎత్తు స్పాన్‌లో ఎనిమిదో వంతయితే ఆ ఎనిమిదీ ఈ ఎనిమిదీ కొట్టేసుకుపోయి, లాగుడు బలం ట్రస్ మోసే మొత్తం బరువుకి సమానం అవుతుంది. అంటే ఒక ట్రస్ నెత్తిన పది టన్నులుంటే కింది కొయ్యని రెండు వైపులా పది టన్నుల బలం లాగుతున్నట్టే. ఎత్తు ఇంకా తగ్గిస్తే కప్పు చదునవుతుంది, చెక్క మిగులుతుంది, కాని లాగుడు అంతకంత పెరుగుతుంది. ఎత్తు పెంచితే లాగుడు తగ్గుతుంది, కాని చెక్కా, రేకూ, గాలి తగిలే మేరా పెరుగుతాయి. ఎనిమిదో వంతు దగ్గర బేరం కుదిరింది.

ఈ పద్ధతి యుద్ధానికి పుట్టింది కాదు. 1860లలో బెల్ఫాస్ట్‌లో మెక్‌టియర్ అనే కంపెనీ తారు పట్టించిన ఫెల్ట్ అమ్మేది. కప్పు మీద పరిచే ఆ ఫెల్ట్ తేలిక. పలకరాయిలా, పెంకులా బరువు ఉండదు. తేలికపాటి కప్పుకి తగ్గ చవక ట్రస్ ఉంటే సరుకు ఇంకా అమ్ముడుపోతుంది. ఆ అవసరంలోంచి వచ్చిన నమూనా ఇది. మిల్లులకీ గోదాములకీ వాడుతూ వచ్చారు. 1917 నాటికి బ్రిటన్‌లో ఉక్కు ఓడలకీ ఫిరంగులకీ పోతోంది. పొడవాటి మంచి కలప దొరకడం కష్టం. నిపుణులైన వడ్రంగులు సైన్యంలో ఉన్నారు. దేశమంతా శిక్షణ విమానాశ్రయాలు ఒకేసారి లేవాలి. పొట్టి, సన్నటి మెత్త కలప ముక్కలు, మేకులు, సుత్తి పట్టగల మనుషులు ఉంటే చాలు కట్టేయగల కప్పు అప్పుడు చేతికొచ్చిన వరం.

తయారీ తీరు తెలిస్తే పైకి చూసేటప్పుడు కన్ను ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. చదునైన నేల మీద ట్రస్ బొమ్మ అసలు కొలతలో గీస్తారు. సన్నటి పట్టీలని గీత వెంబడి వంచి బిగిస్తారు. సన్నవి కనక ఆవిరి పట్టించకుండానే వంగుతాయి. విల్లూ అల్లెతాడూ రెండూ జంట చెక్కలే. ఆ జంట మధ్యలోకి జాలీ ముక్కలు దూర్చి, రెండు పక్కల నుంచీ మేకులు దిగేస్తారు. కొయ్యలో బెజ్జం తొలిచి ఇంకో కొయ్య దింపే అతుకు ఒక్కటీ ఉండదు. ముక్క ఒక అంగుళం పొడవున్నా పొట్టిగా ఉన్నా నష్టం లేదు. జాలీ కలిసే ఒక్కో చోట బలం కొద్దికొద్దిగానే పడుతుంది కాబట్టి నాలుగు మేకులు సరిపోతాయి. 4వ హ్యాంగరులో ఒక ట్రస్‌ని ఎంచుకుని ఒక కొస నుంచి రెండో కొస దాకా చూపు సాగించండి. కింది కొయ్య ఒకే పొడవు దుంగ కాదని, ముక్కలు ముక్కలుగా అతికిందని కనిపిస్తుంది. జంటలో ఒక చెక్క అతుకు ఉన్న చోట రెండో చెక్క అతుకు ఉండకూడదు. ఆ ఎడం పాటించడంలోనే పనివాడి నేర్పు ఉంది.

కొలతల సంగతి. ఆ కాలంలో సైన్యం వాడిన ప్రమాణ షెడ్డు పొడవు 170 అడుగులు, వెడల్పు నమూనాని బట్టి 80 నుంచి 100 అడుగులు. మన లెక్కలో ఒక్కో షెడ్డు 1500 నుంచి 1900 గజాలు. జంటగా కడితే ముప్పాతిక ఎకరానికి దగ్గరగా. దీన్ని విమానాల రెక్కలతో పోల్చి చూస్తే ఆ కట్టడం ఇంతకాలం ఎందుకు పనికొచ్చిందో తెలుస్తుంది. 1918లో ఇక్కడ శిక్షణకి వాడిన డీహెచ్‌9 బాంబర్ రెక్కల వెడల్పు 42 అడుగులు. 1938 ఆగస్టు 4న బ్రిటిష్ వైమానిక దళం ఆర్‌ఏఎఫ్‌కి చెందిన 19వ స్క్వాడ్రన్‌కి మొట్టమొదటి స్పిట్‌ఫైర్ ఈ డ్యూక్స్‌ఫర్డ్‌లోనే అందింది. దాని వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు. రెండు స్పిట్‌ఫైర్లు పక్కపక్కన పెట్టినా 74 అడుగులు దాటదు. 1943 నుంచి ఇక్కడున్న అమెరికన్ 78వ ఫైటర్ గ్రూప్ థండర్‌బోల్ట్‌లు కూడా 41 అడుగుల లోపే. యుద్ధ విమానాలు వేగం పెంచుకున్నాయి, బరువు పెంచుకున్నాయి, వెడల్పు మాత్రం పెద్దగా పెంచుకోలేదు. అందుకే 1917 నాటి షెడ్డు 1961లో ఆర్‌ఏఎఫ్ వెళ్ళిపోయేదాకా అలాగే పనిచేసింది. లాంకాస్టర్ రెక్కలు 102 అడుగులు. ఆ రకం బాంబర్ల స్థావరం అయ్యుంటే ఈ హ్యాంగర్లని ఏనాడో కూల్చి ఉక్కువి కట్టేవారు. ఫైటర్ల స్థావరం కావడం ఈ చెక్క కప్పుల అదృష్టం.

తలుపుల మీద ఒక పది నిమిషాలు పెట్టండి. షెడ్డు కొస గోడంతా తలుపే. తలుపు రెక్కలు పక్కకి జరిగే రకం. ఇరుసు మీద తిరిగే తలుపు ఈ కొలతలో కడితే గాలికి ఆగదు, నేలకి దిగబడుతుంది. జరిపిన రెక్కలు షెడ్డు వెడల్పులోనే ఆగితే సగం దారి మూసుకుపోతుంది. కాబట్టి తలుపు పైపట్టీని గోడ దాటి బయటికి పొడిగించి, దానికి ప్రత్యేకంగా ఆధారం కట్టే పద్ధతి పెట్టుకున్నారు. తెరిచినప్పుడు రెక్కలు ఆ పొడిగింపు మీదికి పోయి దారి పూర్తిగా ఖాళీ అవుతుంది. ఈ రకం షెడ్లని దూరం నుంచే గుర్తుపట్టడానికి ఆ పొడిగింపు మంచి ఆనవాలు. తలుపు బరువు ట్రస్ మీద వేయకూడదన్న జాగ్రత్త కూడా దానిలో ఉంది. విల్లు ట్రస్‌కి పైనుంచి సమానంగా పడే బరువు తెలుసు గాని, కొసన వేలాడుతూ అటూఇటూ కదిలే బరువు పడదు.

ఇక చెడేవి. ఈ కప్పుల గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే. మ్యూజియానికి వచ్చేవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పని సంగతి కూడా.

బెల్ఫాస్ట్ ట్రస్ మధ్యలో చెడదు, కొసల దగ్గర చెడుతుంది. విల్లూ అల్లెతాడూ కలిసి గోడ మీద కూర్చునే మూల, అంటే ట్రస్ మడమ, మొత్తం బలమంతా మలుపు తిరిగే చోటు. సరిగ్గా దాని పక్కనే వాన నీటి దోనె ఉంటుంది. దోనెలో ఆకులు, పావురాల రెట్ట నిండి నీళ్ళు ఆగితే, పొంగి ఇవతలికి దిగితే, ముందు తడిసేది మడమే. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిచిపోయిందంటే పుచ్చు బూజు పట్టడానికి అది చాలు. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, లోపల చెక్క రవ్వలా పొడి అయిపోతుంది. మడమ పుచ్చితే అల్లెతాడు పట్టు వదులుతుంది, విల్లు కొస బయటికి జారి గోడని నెడుతుంది. గోడ పల్చనిది, ఆ తోపు కోసం కట్టింది కాదు.

జంట షెడ్లలో అన్నిటికంటే ప్రమాదం రెండు గుండ్రటి కప్పులు కలిసే మధ్య పల్లంలో. బయటి దోనె పొంగితే నీళ్ళు గోడ అవతల పడతాయి. మధ్య దోనె పొంగితే నీళ్ళకి లోపలికి తప్ప దారి లేదు. రెండు వైపుల ట్రస్ మడమలూ ఒకే దోనె కింద ఉంటాయి. మంచు కాలంలో రెండు వంపుల మంచూ జారి ఆ పల్లంలోనే పేరుకుంటుంది. కరిగేటప్పుడు కింద గొట్టం గడ్డకట్టి ఉంటే పైన చెరువే. డ్యూక్స్‌ఫర్డ్‌లో జంట షెడ్డు మధ్య వరసలో నిలబడి, ట్రస్‌లు రెండు వైపుల నుంచీ వచ్చి వాలే చోటుని పరిశీలించండి. నీటి మరక, ముదురు రంగు చార, పక్కచెక్క కంటే కొత్తగా మెరిసే చెక్క ఎక్కడైనా కనిపిస్తే అక్కడ ఎప్పుడో నీళ్ళు దిగాయని, బాగు చేశారని అర్థం. ఇలాంటి కప్పుల ఆరోగ్యం వడ్రంగి కంటే ఎక్కువగా దోనె శుభ్రం చేసే మనిషి చేతిలో ఉంటుంది.

రెండో జబ్బు మేకుది. ఈ ట్రస్‌లో వేల మేకులుంటాయి. తేమ తగిలిన మేకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న చెక్కని చీలుస్తుంది, తను సన్నబడి తెగుతుంది. ఒకటీ రెండూ పోతే ఏమీ కాదు. జాలీ కూడళ్ళు వరసగా వదులైతే ట్రస్ కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. పట్టుకోవడం సులువు. కింది కొయ్య తిన్నగా ఉండాలి. హ్యాంగర్ ఒక కొసన నిలబడి ట్రస్‌ల కింది అంచులన్నీ ఒకే చూపులో పెట్టి చూడండి. ఒకటి మిగతా వరస కంటే దిగి కనిపిస్తే దానికి కారణం మేకైనా కావాలి, అతుకైనా కావాలి, మడమైనా కావాలి.

బాగుచేసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. పాత ట్రస్ బలహీనంగా ఉందని ఒకటి విడిచి ఒకదానికి లావుపాటి ఉక్కు పట్టీలు వేస్తారు. గట్టిపడ్డ ట్రస్ ఎక్కువ బరువు తన మీదికి లాక్కుంటుంది, దాని మడమలకి ఆ బరువు కొత్త. పాత పద్ధతిలోనే, అదే మందం చెక్కతో, పుచ్చిన మేర కోసేసి కొత్త ముక్క అతికి, చుట్టూ ఎక్కువ మేకులు వేయడం నిదానమైన పని గాని నమ్మకమైనది. తుప్పు పట్టని మేకులు వాడాలి. పైకప్పు పొర మార్చేటప్పుడు బరువు చూసుకోవాలి. ఫెల్ట్ బరువుకి లెక్కకట్టిన ట్రస్ నెత్తిన బరువైన పొర పెడితే, పైన చెప్పిన లెక్క ప్రకారం పెరిగిన ప్రతి కిలో అల్లెతాడులో మరో కిలో లాగుడు.

5వ హ్యాంగరులో విమానాలని విడదీసి బాగుచేసే పని సందర్శకుల ఎదుటే సాగుతుంది. విప్పిన రెక్కలో చెక్క పక్కటెముకలు కనిపించే రోజున వెళ్తే, కింద విమానం రెక్కలోనూ పైన కప్పులోనూ ఒకే ఆలోచన నడుస్తోందని తెలుస్తుంది. సన్నటి చెక్క, తేలిక, దగ్గర దగ్గర కూడళ్ళు. 1917లో విమానం ఎలా కట్టేవారో దాని ఇల్లూ అలాగే కట్టారు. ఈ ఒక్క పోలిక కోసం 5ని వదలకండి. ఓడలూ నౌకాదళ విమానాలూ ఉన్న 3లో సరుకు కిక్కిరిసి ఉంటుంది. ట్రస్ చూడడానికి నిలబడే చోటు తక్కువ. పావుగంట చాలు.

నాలుగో పాత హ్యాంగర్ ఒకటుండేది, జంట కాని ఒంటి షెడ్డు. ఆర్‌ఏఎఫ్ వెళ్ళిపోయి స్థావరం దిక్కులేక ఉన్న రోజుల్లో, 1968లో, ఒక యుద్ధ సినిమా చిత్రీకరణ కోసం దాన్ని నిజంగానే పేల్చేశారు. యాభై ఏళ్ళు నిలిచిన కట్టడం ఒక దృశ్యం కోసం పోయింది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే మ్యూజియం ఇక్కడికి వచ్చింది. మిగిలిన మూడింటి విలువ ఎంతో ఈ ఒక్క నష్టం చెబుతుంది.

హ్యాంగర్లు కాక చూడాల్సినవి రెండు. ఒకటి ఆపరేషన్స్ గది. 1940లో ఈ స్థావరం ఒక సెక్టార్‌కి, అంటే గగనతల రక్షణ కోసం విభజించిన ఒక ప్రాంతానికి, కేంద్రం. మ్యాపు బల్ల, దాన్ని పైనుంచి చూసే అధికారుల అరుగు ఆనాటి తీరులో తిరిగి అమర్చారు. గది చిన్నది. గుంపు లేనప్పుడు వెళ్ళాలి. రెండోది 1997లో తెరిచిన అమెరికన్ ఎయిర్ మ్యూజియం. ఆర్కిటెక్ట్ నార్మన్ ఫాస్టర్ డిజైన్, 1998లో కట్టడాలకిచ్చే స్టిర్లింగ్ బహుమతి అందుకుంది. బీ-52 బాంబర్ రెక్కలు 56 మీటర్లు, తోక ఎత్తు దాదాపు 15 మీటర్లు. ఆ ఒక్క విమానాన్ని ఇముడ్చుకునే గుల్లగా కాంక్రీటుతో 90 మీటర్ల కప్పుని మధ్యలో ఒక్క స్తంభం లేకుండా కట్టారు. పాత హ్యాంగర్లు చూసి వెంటనే దీన్లోకి వెళ్తే రెండు కాలాల తేడా ఒళ్ళు ఝల్లుమనిపిస్తుంది. రెండూ వంపు కప్పులే. అక్కడ వేల చిన్న ముక్కలు మేకులతో, ఇక్కడ ఫ్యాక్టరీలో పోసి తెచ్చిన కాంక్రీటు ఫలకలు. అక్కడ అల్లెతాడు తోపుని ఆపితే ఇక్కడ నేలలోని పునాదే ఆపుతుంది. అందుకే ఇక్కడ కింద అడ్డంగా ఏ కొయ్యా ఉండదు, చూపు ఎక్కడా తెగదు. అందం మాట అడిగితే, కాంక్రీటు గుల్ల గొప్పది. నేర్చుకోవడానికి ఎక్కువ ఉన్నది మాత్రం చెక్క కప్పులో.

మనకి దగ్గరి సంగతి ఒకటి. 1918లో హైదరాబాద్ నిజాం ఇచ్చిన డబ్బుతో ఆర్‌ఏఎఫ్ 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్‌9ఏ విమానాలు సమకూరాయి. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని రాసి, హైదరాబాద్ పేరుతో వరస నంబరు వేశారు. స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే ఖాయమైంది. వాటిలో ఒకటి, ఎఫ్1010, లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియం సేకరణలో ఉంది. డ్యూక్స్‌ఫర్డ్ వాళ్ళ దగ్గరున్న డీహెచ్‌9 కథ ఇంకా చిత్రం. అది రాజస్థాన్‌లో బికనేర్ కోటలో ఏనుగుల శాలలో దొరికింది. మొదటి యుద్ధం ముగిశాక భారతదేశానికి పంపిన విమానాల్లోది. దాన్ని ఇంగ్లండ్ తెచ్చి తిరిగి నిలబెట్టారు. ప్రదర్శనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి లోపలికి రాగానే అది ఏ హ్యాంగరులో ఉందో అడిగి తెలుసుకోండి. దాన్ని చూసి వచ్చి 4వ హ్యాంగర్ ట్రస్ కింద నిలబడితే, ఆ విమానమూ ఈ కప్పూ ఒకే ఏడాదుల్లో పుట్టినవని గుర్తుంచుకుంటే, చూసే తీరు మారుతుంది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని పనికొచ్చే సంగతులు. కారులో అయితే ఎం11లో 10వ జంక్షన్ దగ్గర దిగాలి, మ్యూజియం పక్కనే. రైలులో అయితే లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి కేంబ్రిడ్జ్ దారిలో విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వే స్టేషన్. అక్కడి నుంచి సుమారు 5 కిలోమీటర్లు. నడక దారి హాయిగా ఉండదు, ఏ505 మీద బండ్ల రద్దీ ఎక్కువ. టాక్సీ ముందుగా మాట్లాడుకోవడం మేలు. ఆ ఏ505 రోడ్డే పాత స్థావరాన్ని రెండుగా చీలుస్తుంది. దక్షిణాన హ్యాంగర్లు, ఉత్తరాన అధికారుల మెస్, సైనికుల నివాసాలు. సందర్శన అంతా దక్షిణం వైపే.

ఎయిర్ షో రోజుల్లో కట్టడాల కోసం వెళ్ళొద్దు. గుంపులో తల ఎత్తి నిలబడే చోటుండదు, జనం అంతా ఆకాశం వైపే చూస్తుంటారు. మామూలు పనిదినం, అందులోనూ బడి సెలవులు లేని వారం, ఉదయం తెరవగానే మంచిది. బైనాక్యులర్స్ తప్పకుండా పట్టుకెళ్ళండి. 8 రెట్లది చాలు. మేకుల తలలు, అతుకుల ఎడం, మడమ దగ్గర మరకలు కంటితో కనిపించవు. లైట్లు విమానాల కోసం పెట్టినవి, కాంతి కిందికే పడుతుంది, కప్పు చీకటిగా ఉంటుంది. ఫోటోకి ఫ్లాష్ వాడితే ముందున్న విమానం తెల్లబడి ట్రస్ ఇంకా నల్లబడుతుంది. ఫోన్ అయితే కప్పు మీద వేలు పెట్టి వెలుతురు సరిచేసి, ఏదైనా రెయిలింగ్‌కి ఆనించి తీయాలి. తలుపులు తెరిచి ఉన్న రోజైతే తలుపుకి వీపు పెట్టి లోపలికి తీయండి. పక్క నుంచి వచ్చే వెలుగులో జాలీ ముక్కల అంచులు విడివిడిగా తేలతాయి.

చలి విషయంలో ఏమరుపాటు వద్దు. ఇంత పెద్ద ఖాళీని వెచ్చబెట్టడం అయ్యే పని కాదు. అక్టోబరు నుంచి మార్చి దాకా లోపల కూడా కోటు, కాళ్ళకి మందపాటి సాక్సు కావాలి. కాంక్రీటు నేల మీద గంటలు నిలబడితే చలి కాళ్ళ నుంచే ఎక్కుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే మైలు పొడవు ఒక్కరోజులో నడిపించకండి. 4, 5, అమెరికన్ మ్యూజియం మూడూ దగ్గర దగ్గరే ఉన్నాయి, వాటితో ఆగొచ్చు. అన్నీ చూడాలంటే ఆరు గంటలు. కప్పులు మాత్రమే చూడాలంటే రెండున్నర గంటలు: 4కి గంట, 5కి అరగంట, 3కి పావుగంట, బయట తలుపులకీ గోడలకీ పావుగంట, కాంక్రీటు గుల్లకి అరగంట. బయటి చుట్టు కోసం వాన ఆగిన వెంటనే వెళ్ళగలిగితే ఇంకా మంచిది. దోనెల నుంచి నీళ్ళు ఏ గొట్టంలో సాఫీగా దిగుతున్నాయో, ఏ చోట గోడ మీదికి కారుతున్నాయో అప్పుడే కనిపిస్తుంది.